నీవెవరు? నీవేమి చేయగలవు?



ఒక వస్తువును గూర్చి తెలుసుకోదలచినవాడు రెండు ప్రశ్నలు వేయవచ్చును. "నీవెవరు?" అన్నది ఒకటి. "నీవేమి చేయగలవు?" అన్నది రెండవది. మొదటిది స్వరూపాన్ని గూర్చినది, రెండవది సామర్థ్యాన్ని గూర్చినది. లోకవ్యవహారంలో ఈ రెంటినీ మనం తరచుగా కలిపివేస్తాం. ఒకాయన ఘనపాఠి అని వినగానే శ్రౌతప్రయోగం కూడా చేయించగలరని తలుస్తాం. ఘనాంతాధ్యయనం వేరు, ప్రయోగకౌశలం వేరు. ఒకటి ఉన్నచోట రెండవది ఉండవచ్చును, ఉండకపోవచ్చును. పేరును బట్టి సామర్థ్యాన్ని ఊహించడం సులభమే. ఆ ఊహ తప్పినప్పుడు కలిగే చిక్కు మాత్రం చిన్నది కాదు.

ధర్మి వేరు, ధర్మం వేరు అన్న విచారం న్యాయశాస్త్రపరిచయం గలవారికి కొత్త కాదు. యంత్రాలకు ప్రోగ్రాములు వ్రాసేవారి నడుమ కూడా ఇదే విచారం ఎంతో సూక్ష్మంగా సాగుతున్నదని నాకు గత రెండేళ్ళలో తెలిసివచ్చింది. రస్ట్ అనే భాషలో ట్రెయిట్ అనే నిర్మాణాన్ని, ప్రోగ్రామ్ నడుస్తుండగా వస్తువు స్వరూపాన్ని విచారించే రిఫ్లెక్షన్ అనే ప్రక్రియను ఆధారంగా తీసుకొని ఆ విచారాన్ని మీ ముందుంచుతున్నాను.

నాకు ఈ భాషతో సంబంధం కలిగిన కారణం చెప్పవలసి ఉన్నది. నేను యాభై దాటిన అర్చకుణ్ణి. బాల్యం నుండి వేదపాఠశాలలో కృష్ణయజుర్వేదం, పిదప కొంత తర్కం, కొంత మీమాంస గురుముఖతః చదువుకొన్నాను. నా మేనల్లుడు చిన్న చిన్న యంత్రాలకు ప్రోగ్రాములు వ్రాసే ఉద్యోగంలో ఉన్నాడు. దేవాలయ ముఖద్వారం వద్ద తిథి, వార, నక్షత్రాలను, ఆనాటి వ్రతాన్ని చూపే ఎల్‌ఈడీ బోర్డు పెట్టాలని ధర్మకర్తలు నిశ్చయించినప్పుడు, లోపలి యంత్రానికి ప్రోగ్రామ్ వ్రాసే భారం అతడు స్వీకరించాడు. వ్రతనిర్ణయనియమాలు చెప్పే భారం నాది. ఆ యంత్రానికి జ్ఞాపకశక్తి అత్యల్పం. నెలల తరబడి ఆగకుండా నడవాలి. మధ్యలో చెత్త ఊడ్చుకొనే ప్రక్రియ అవసరం లేకుండా, జ్ఞాపకస్థానాల విషయంలో పొరపాట్లు జరుగకుండా కంపైలరే కాపాడుతుందన్న కారణంతో అతడు రస్ట్‌ను ఎన్నుకొన్నాడు. ఈ భాషను గ్రేడన్ హోర్ 2006లో స్వంత ప్రయత్నంగా ఆరంభించాడు, 1.0 రూపం 2015 మే నెలలో వెలువడింది. 2021 జూన్‌లో వచ్చిన 1.53 రూపం నుండి ఇందులో పేర్లను ఆంగ్లేతర లిపులలో కూడా వ్రాసుకొనే వీలు కలిగింది. మేనల్లుడు నాకోసం నియమాల పేర్లన్నీ తెలుగులోనే వ్రాశాడు. అందువలన ప్రోగ్రామరును కాకపోయినా అతడు వ్రాసినదానిని వరుసగా చదివి అర్థం చేసుకోగలిగాను.

ఇక విషయానికి వద్దాం. వ్రతనిర్ణయం ఒక్కొక్క వ్రతానికి ఒక్కొక్క తీరు. వినాయకచవితికి చవితి మధ్యాహ్నవ్యాప్తి కలిగి ఉండాలి. మహాశివరాత్రికి చతుర్దశి నిశీథవ్యాప్తి ప్రధానం. ఏకాదశి విషయంలో స్మార్తులకొక పద్ధతి. వైష్ణవులకు అరుణోదయవేళ, అనగా సూర్యోదయానికి ముందు 4 ఘడియలలో, 96 నిమిషాలలో, దశమి స్పర్శ ఉంటే ఆ ఏకాదశి విడువదగినది. నియమాలు భిన్నమైనా బోర్డుకు కావలసినది ఒక్కటే: "ఈ దినం నీ వ్రతమగునా, కాదా?" ఆ ప్రశ్నకు ఉత్తరమివ్వగల ప్రతిదానిని సమానంగా చూడగలిగితే చాలు. ఇట్లు "ఈ ఈ ప్రశ్నలకు ఉత్తరమివ్వగలది" అని సామర్థ్యాన్ని మాత్రమే నిర్వచించే నిర్మాణం పేరు ట్రెయిట్. మన బోర్డులో దాని పేరు వ్రతనిర్ణయం. వినాయకచవితి, శివరాత్రి, స్మార్తైకాదశి, వైష్ణవైకాదశి అన్నవి వేర్వేరు టైపులు; అన్నీ ఆ ట్రెయిట్‌ను నెరవేరుస్తాయి. ఈ భావనకు మూలం హాస్కెల్ భాషలోని టైప్ క్లాసులు. వాటిని 1989లో ఫిలిప్ వాడ్లర్, స్టీఫెన్ బ్లాట్ అనే పండితులు ప్రతిపాదించారు.

ట్రెయిట్‌ను ఉపయోగించే విధాలు రెండు. మా పాఠశాల మాటలలో ఒకటి అధ్యయనకాలానిది, మరొకటి ప్రయోగకాలానిది. అధ్యయనకాలంలో స్వరదోషం వస్తే గురువు అక్కడికక్కడే ఆపి సరిదిద్దుతారు. ఎవరికీ నష్టం లేదు. ప్రయోగకాలంలో, హోమం నడుస్తుండగా దోషం వస్తే ప్రాయశ్చిత్తం తప్పదు. ప్రోగ్రామ్‌కు కంపైల్ అయ్యే సమయం అధ్యయనకాలం, నడిచే సమయం ప్రయోగకాలం. ఏ టైపు వాడబోతున్నామో అధ్యయనకాలంలోనే తెలిస్తే కంపైలర్ ఒక్కొక్క టైపుకు విడివిడిగా ఆదేశాలను తయారుచేస్తుంది; నడిచేటప్పుడు వెతుకులాట ఉండదు. అయితే బోర్డులో అన్ని నియమాలనూ ఒకే వరుసలో పేర్చి ప్రతిదినం ఒక్కొక్కదానినీ అడుగవలసి ఉన్నది. వేర్వేరు టైపులు ఒకే వరుసలో నిలవాలంటే ఆ వరుసకు వాటి భేదం తెలియకూడదు. అందుకు రెండవ విధం ఉన్నది. దానికి "డైన్" అని గుర్తు.

డైన్ రూపంలో ఉన్న వస్తువును పట్టుకొనే పిడికి రెండు భాగాలు. ఒకటి వస్తువు ఉన్న చోటును చూపుతుంది. రెండవది ఒక పట్టికను చూపుతుంది. దానిని వీ-టేబుల్ అంటారు. ఆ పట్టికలో వస్తువు పరిమాణం, దానిని ఉంచవలసిన తీరు, తుదిలో దానిని విసర్జించే విధానం, ట్రెయిట్ కోరిన క్రియల స్థానాలు ఉంటాయి. గమనించవలసినదేమనగా, ఆ పట్టికలో వస్తువు పేరు లేదు. వరుసలోని నియమాన్ని "ఈ దినం వ్రతమా?" అని అడిగితే చెబుతుంది. "నీవు శివరాత్రివా, చవితివా?" అని అడగడానికి దారి లేదు. ఆ ఎరుకను బుద్ధిపూర్వకంగానే విడిచిపెట్టారు. కావలసినదానికే మూల్యం చెల్లించాలన్నది ఈ తరహా భాషల వ్రతం. సీ ప్లస్ ప్లస్ భాషలో టైపుల వివరాలను ప్రోగ్రామ్ వెంట మోసుకొనిపోయే ఏర్పాటు ఉన్నా, చిన్న యంత్రాలకు వ్రాసేవారు అనేకులు స్థలం కొరకు దానిని నిలిపివేస్తారు.

ఇంతవరకు సుగమమే. చిక్కు పారణ వద్ద వచ్చింది.

ఏకాదశీవ్రతానికి మరునాటి పారణకాలం ముఖ్యం. ద్వాదశి తొలిపాదమైన హరివాసరం గడచిన పిదప, ద్వాదశి ముగియకముందే పారణ చేయాలి. ఒక్కొక్కమారు ద్వాదశి సూర్యోదయానంతరం కొద్దిసేపే ఉంటుంది. నిర్జలోపవాసం ఉన్న వృద్ధులు ఉదయాన్నే వచ్చి "స్వామీ, పారణ ఎప్పుడు?" అని అడుగుతారు. బోర్డు పెట్టుటకు ముఖ్యకారణాలలో ఇది ఒకటి. అయితే పారణకాలం చెప్పవలసిన అగత్యం ఏకాదశికే గాని వినాయకచవితికి లేదు. సంకష్టహరచతుర్థికి చంద్రోదయకాలం కావాలి, పారణ అక్కరలేదు. శివరాత్రికి నిశీథకాలం కావాలి. అందరికీ సామాన్యమైన వ్రతనిర్ణయమనే ట్రెయిట్ ఒకటి ఉన్నది. కొందరికే పరిమితమైన సామర్థ్యాలు కొన్ని ఉన్నవి. సమరూపంగా నిలచిన వరుసలో నుండి ఆ కొందరిని గుర్తించడం ఎట్లు?

ఇక్కడ నాకు తర్కసంగ్రహం చదువుకొనే రోజులలో నేర్చిన లక్షణదోషాలు అక్కరకు వచ్చాయి. లక్షణానికి మూడు దోషాలు చెబుతారు. గోవుకు కపిలవర్ణం లక్షణమంటే నల్లావు తప్పిపోతుంది; అది అవ్యాప్తి. కొమ్ములు లక్షణమంటే గేదె కూడా గోవవుతుంది; అది అతివ్యాప్తి. ఒంటిగిట్ట లక్షణమంటే ఏ గోవుకూ అన్వయించదు, అది అసంభవం. ట్రెయిట్‌లను రచించేవారు తప్పించుకొనవలసిన దోషాలు కూడా ఈ మూడే.

మొదట అసంభవం. "నీ ప్రతిరూపాన్ని నాకివ్వు" అని అడిగే క్లోన్ అనే ట్రెయిట్ ఉన్నది. దానిని డైన్ రూపంలో పెట్టుకొని ప్రతిరూపమివ్వగల వస్తువులన్నింటినీ ఒక వరుసలో పేర్చాలనుకుంటే భాష అంగీకరించదు. స్వరూపాన్ని మరుగుపరచిన తరువాత అదే స్వరూపం గల వస్తువును తిరిగి ఇమ్మంటే, అది ఎంత చోటు ఆక్రమిస్తుందో అడిగేవాడికి తెలియదు. ఈ దోషాన్ని కంపైలర్ అధ్యయనకాలంలోనే పట్టుకొంటుంది. కావున ఇది అన్నింటికంటె నిరపాయకరం.

అతివ్యాప్తి రెండవది. పారణకాలం చెప్పే క్రియను వ్రతనిర్ణయంలోనే చేర్చి అందరినీ చెప్పమంటే వినాయకచవితి కూడా ఏదో ఒక పారణకాలం చెప్పవలసి వస్తుంది. లేనిదానిని కల్పించి చెప్పడం తప్ప దానికి గత్యంతరం లేదు. పారణ, చంద్రోదయం, నిశీథం అని ఒక్కొక్క అవసరమూ చేర్చుకొంటూ పోతే ట్రెయిట్ ఉబ్బిపోయి, దానిని నెరవేర్చే ప్రతి టైపూ తనకు సంబంధం లేని ప్రశ్నలకు ఉత్తరాలు వెదకుకొంటూ కూర్చోవలసి ఉంటుంది.

మిగిలినది అవ్యాప్తి. నా మేనల్లుడు తొలుత ఎన్నుకొన్న మార్గం ఇక్కడికి దారి తీసింది. ఆ మార్గం పేరు ఎనీ.

ఎనీ అన్నది రస్ట్‌లో ప్రయోగకాలవిచారానికి ఉన్న మూలసాధనం. దీనిని ఏదో మాయగా తలచనక్కరలేదు; ఇది కూడా ఒక ట్రెయిటే. దీని క్రియ ఒక్కటే: తన టైపుకు సంబంధించిన గుర్తింపు సంఖ్యను చెప్పడం. దానిని టైప్‌ఐడీ అంటారు. ఆ సంఖ్య మనం కోరిన టైపు సంఖ్యతో సరిపోలితే వస్తువును తిరిగి అసలు స్వరూపంలో చేతికిస్తుంది. లేకుంటే "నన్", అనగా లేదు, అని చెబుతుంది. ఈ ప్రక్రియకు డౌన్‌క్యాస్ట్ అని పేరు. మరుగుపరచిన స్వరూపం తిరిగి దొరకడానికి కారణం, ఆ ఒక్క ప్రశ్నను ముందే పట్టికలో చేర్చుకొని ఉండడమే. అధ్యయనకాలంలో సిద్ధపరచుకోని ప్రశ్నను ప్రయోగకాలంలో అడగడం ఈ భాషలో సాధ్యం కాదు.

పూర్వం వ్రతనిర్ణయం వంటి ట్రెయిట్ నుండి ఎనీ వద్దకు వెళ్ళడానికి ప్రతి టైపులోనూ ఒక చిన్న వంతెన వ్రాసుకొనేవారు. 2025 ఏప్రిల్‌లో వచ్చిన 1.86 రూపం నుండి, ఎనీని పైట్రెయిట్‌గా ప్రకటిస్తే ఆ మార్పు నేరుగా జరుగుతుంది.

ఎనీకి రెండు నియమాలు గలవు. ఇతరుల వస్తువును పరిమితకాలానికి అరువు తెచ్చుకొని తనలో ఉంచుకొన్న టైపులు ఎనీ కాజాలవు. ఎరవు గడువులన్నీ అధ్యయనకాలంలోనే పరిశీలించబడి, ప్రయోగకాలానికి చెరిగిపోతాయి. గడువు మరచిన గుర్తింపు సంఖ్యను నమ్మి వస్తువును ఇస్తే, చెల్లిన ఎరవును చెల్లనట్లు వాడుకొనే ప్రమాదం ఉన్నది. రెండవది, పాత్రకు, పాత్రలోని వస్తువుకు గల భేదం. బాక్స్ అనే పాత్రలో ఎనీని పెట్టి, జాగ్రత్త లేకుండా "నీ సంఖ్య ఏది?" అని అడిగితే పాత్రయే తన సంఖ్య చెబుతుంది. లోపలి వస్తువును చూపి అడగాలి. కలశాన్ని చూపి ఇది రాగి అనేవాడు అసత్యం చెప్పలేదు. మనం అడిగినది తీర్థాన్ని గూర్చి.

మేనల్లుడు వ్రాసినదేమిటంటే: వరుసలోని ప్రతి నియమాన్నీ "నీవు స్మార్తైకాదశివా? నీవు వైష్ణవైకాదశివా?" అని అడిగి, ఔనంటే పారణకాలాన్ని తీసుకోవడం. తరువాత దేవాలయానికి సంబంధించిన ప్రత్యేకసూచనలు చేర్చవలసి వచ్చింది. ముక్కోటి ఏకాదశినాడు ఉత్తరద్వారదర్శన సమయం, తొలి ఏకాదశినాడు విశేషార్చన సమయం చూపాలి. అందుకు అతడు స్థానికాచారం అనే మరొక టైపు చేశాడు. అది ఏ నియమాన్నైనా తనలో ఉంచుకొని, వ్రతమగునా అన్న ప్రశ్నను లోపలిదానికి అందించి, పైన ఒక సూచనను జతచేస్తుంది. కవచం వంటిది. చూడడానికి చక్కని ఏర్పాటే.

బోర్డు నిలబెట్టకముందు గడచిన సంవత్సరపు దినాలను ఇచ్చి పరీక్ష జరిపాము. కంపైలర్ ఒక్క అభ్యంతరమూ చెప్పలేదు. ప్రోగ్రామ్ ఎక్కడా ఆగలేదు. నేను పంచాంగం ప్రక్కన పెట్టుకొని ఏకాదశులను ఒక్కొక్కటిగా సరిచూశాను. అన్నింటికీ పారణ సరిగ్గా ఉన్నది, రెంటికి తప్ప. ముక్కోటి ఏకాదశికి, తొలి ఏకాదశికి పారణ పంక్తి లేనే లేదు. సంవత్సరంలో ఎక్కువమంది ఉపవసించే ఏకాదశులు ఆ రెండే.

కారణం ఇప్పటికే మీకు స్ఫురించి ఉంటుంది. ఆ రెండూ కవచంలో ఉన్నాయి. "నీవు ఏకాదశివా?" అని అడిగితే కవచం "నేను స్థానికాచారాన్ని" అన్నది. అది సత్యమే. ఏకాదశీసామర్థ్యం లోపల ఉన్నా పేరు వేరైనందున గుర్తింపు తప్పింది. పారణ గలది అన్నదానికి ఏకాదశి అనే పేరును లక్షణంగా పెట్టినందువలన నల్లావు తప్పిపోయింది. నిఖార్సయిన అవ్యాప్తి.

ఆ రాత్రి మేనల్లుడితో ఇట్లా అన్నాను: "నాయనా, తప్పు సమయం చూపి ఉంటే ఎవరో ఒకరు అడుగుతారు. ఏమీ చూపకపోతే ఈసారి పారణనియమం లేదు కాబోలు అనుకొని వెళ్ళిపోతారు. ఇది ఎక్కువ ప్రమాదం కదా?" అతడు కొంచెంసేపు ఆలోచించి, "మామయ్యా, నన్ అంటే లేదు అని నేను చదువుకొన్నాను. ఇక్కడ తెలియదు అని అర్థమైంది" అన్నాడు.

అతడి మాటలో ఒక ప్రమాణవిచారమే ఇమిడి ఉన్నది. అభావాన్ని తెలిపే అనుపలబ్ధిని భాట్టమీమాంసకులు, అద్వైతులు ప్రత్యేకప్రమాణంగా అంగీకరిస్తారు. అయితే కనబడకపోవడమంతా ప్రమాణం కాదు. ఉంటే తప్పక కనబడేది కనబడనప్పుడే అది లేదని నిశ్చయించవచ్చును. దానిని యోగ్యానుపలబ్ధి అంటారు. వెలుతురులో నేలమీద కుండ కనబడకపోతే కుండ లేదు. చీకటిలో కనబడకపోతే ఏమీ తేలలేదు. డౌన్‌క్యాస్ట్ చెప్పే "లేదు" చీకటిలోని "లేదు". "నీవు ఫలానావాడివి కావు" అన్నంతవరకే అది ప్రమాణం. "నీకు ఈ సామర్థ్యం లేదు" అనడానికి అది ప్రమాణం కానేరదు.

అట్లయితే సామర్థ్యాన్నే నేరుగా అడగరాదా అని ప్రశ్న. గో అనే భాషలో అది సాధ్యం. నడుస్తున్న ప్రోగ్రామ్‌లో చేతనున్న వస్తువును "నీవు ఫలానా ఇంటర్‌ఫేస్‌ను నెరవేరుస్తావా?" అని అడుగవచ్చును, ఆ సమాచారమంతా ప్రోగ్రామ్ తన వెంట మోసుకొంటుంది. రస్ట్‌లోని ఎనీ ఈ ప్రశ్నకు ఉత్తరమివ్వలేదు. అది టైపును గుర్తిస్తుందే తప్ప, ఆ టైపు మరి ఏ ట్రెయిట్‌లను నెరవేరుస్తున్నదో దానికి తెలియదు.

కావున ఉత్తరమిచ్చే భారం వస్తువు మీదనే పెట్టవలసి ఉంటుంది. వ్రతనిర్ణయంలో ఒక ప్రశ్న చేర్చాము: "పారణ చెప్పగలవా? చెప్పగలిగితే ఆ సామర్థ్యాన్ని నాకు అందించు." పారణ అన్నది వేరే ట్రెయిట్, హరివాసరాంతం, ద్వాదశ్యంతం అన్న వివరాలన్నీ అందులో ఉంటాయి. ఏకాదశి తననే పారణరూపంలో అందిస్తుంది. చవితి లేదని చెబుతుంది. కవచం లోపలి వస్తువును అడిగి, అది చెప్పినదానిని అందిస్తుంది. అడిగేవాడికి ఎవరి పేరూ తెలియనక్కరలేదు.

ఈ పద్ధతి కొత్తది కాదు. మైక్రోసాఫ్ట్ సంస్థ 1993లో ప్రవేశపెట్టిన కామ్ అనే వ్యవస్థలో ప్రతి వస్తువూ క్వెరీ ఇంటర్‌ఫేస్ అనే ప్రశ్నకు కట్టుబడి ఉండాలి. అందులో కొన్ని నియమాలు విధించారు. ఒక రూపం నుండి మరొక రూపానికి వెళ్ళగలిగితే తిరిగి మొదటిదానికి రాగలగాలి. రెండవదాని ద్వారా మూడవదానికి వెళ్ళగలిగితే మొదటిదాని నుండి నేరుగా కూడా వెళ్ళగలగాలి. ఒకసారి ఔనన్న వస్తువు తాను ఉన్నంతకాలం ఔననే చెప్పాలి. సామర్థ్యాన్ని ప్రకటించడం ప్రతిజ్ఞ చేయడమేనన్నమాట. ఉదయం ఔనని సాయంకాలం కాదనే వస్తువును నమ్మి ఏ నిర్మాణమూ నిలువదు.

ఇక్కడొక పూర్వపక్షం. ట్రెయిట్‌లలో ఒక సౌకర్యమున్నది: క్రియకు సామాన్యమైన ఉత్తరాన్ని ట్రెయిట్‌లోనే వ్రాసిపెట్టవచ్చును, ప్రత్యేకించి చెప్పనివారికి అదే వర్తిస్తుంది. మీమాంసలోని అతిదేశం వంటిది ఇది. ప్రకృతియాగంలోని అంగాలు వికృతియాగానికి తమంత తామే సంక్రమిస్తాయి. విశేషవిధి ఉన్నచోట బాధ కలుగుతుంది. అట్లే పారణ ప్రశ్నకు "లేదు" అన్నది సామాన్యోత్తరంగా పెట్టి, ఏకాదశి ఒక్కటే దానిని బాధించి ఔనంటే సరిపోదా? వ్రాత ఎంతో తగ్గుతుంది కదా?

మేనల్లుడు మొదట అట్లే చేయబోయాడు. ఈ పక్షాన్ని నేను అంగీకరించలేకపోయాను. రేపు మరొక కవచం వస్తుంది. దానిని వ్రాసేవాడు ఈ ప్రశ్నను లోపలికి అందించడం మరచిపోతే సామాన్యోత్తరం "లేదు" అనే చెబుతుంది. కంపైలర్ మౌనం వహిస్తుంది. మనం మళ్ళీ అదే చీకటిలో ఉంటాం. నిజంగా అందరికీ సమానమైన విషయంలో అతిదేశం భూషణం, "నీకున్నదా, లేదా?" అనే ప్రశ్నకు పరుల తరఫున ముందే లేదని వ్రాసిపెట్టడం మాత్రం ఉచితం కాదు. కావున ఆ ప్రశ్నకు సామాన్యోత్తరం తీసివేయించాను. ఇప్పుడు ప్రతి నియమమూ స్వయంగా ఔననో కాదనో చెప్పి తీరాలి. చెప్పకపోతే కంపైలర్ ప్రోగ్రామ్‌ను కట్టనివ్వదు. వినాయకచవితి చెప్పే "లేదు" ఇప్పుడు వెలుతురులోని "లేదు". అది యోగ్యానుపలబ్ధి.

దీనికి మూల్యం లేకపోలేదు. నాలుగవ సామర్థ్యం ఒకటి చేర్చదలిస్తే ఉన్న నియమాలన్నింటినీ తెరచి ఒక్కొక్క పంక్తి వ్రాయాలి. మా బోర్డులో అది ఒక పూట పని. అదే లోకంలో అనేకులు ఆధారపడే గ్రంథాలయమైతే ప్రశ్న ఒకటి చేర్చినంత మాత్రాన అందరి ప్రోగ్రాములూ కట్టడానికి వీలులేక ఆగిపోతాయి. అటువంటి చోట సామాన్యోత్తరాన్ని సహించవలసి వస్తుంది, లేదా నమోదుపుస్తకం వంటి ఏర్పాటు చేసుకోవలసి వస్తుంది. 2020లో వెలువడిన బెవీ అనే ఆటల నిర్మాణవ్యవస్థలో ఇదే మార్గం అనుసరించారు. ప్రతి టైపు నిర్మాణాన్నీ, దాని అంగాల పేర్లనూ, అది నెరవేర్చే కొన్ని ట్రెయిట్‌లనూ ఒక పుస్తకంలో నమోదు చేస్తారు. ప్రయోగకాలంలో ఆ పుస్తకాన్ని చూసి సామర్థ్యాన్ని వెలికితీస్తారు. దృశ్యాలను దస్త్రాలలో భద్రపరచడానికి, తిరిగి చదవడానికి అది ఎంతో ఉపకరిస్తుంది. సామర్థ్యాల సంఖ్య ముందుగా తెలియనిచోట, పరులు కొత్తవి చేర్చే అవకాశమున్నచోట ఈ మార్గం శ్రేయస్కరం. అయితే పుస్తకంలో లేనిది లోకంలో లేదనుకొనే భ్రమకు ఇక్కడా తావున్నది.

"నీవెవరు?" అన్న ప్రశ్న ఎన్నడూ తగదని చెప్పుట నా ఉద్దేశం కాదు. స్వరూపమే కావలసినచోట అదే సరియైన ప్రశ్న. రస్ట్ ప్రోగ్రామ్‌లో ఒక భాగం దుర్దశలో పడి ఆగిపోయినప్పుడు, దానిని పట్టుకొన్నవాడికి చేతికి వచ్చేది ఎనీ రూపంలోని ఒక సందేశం. ఆ సందేశం స్థిరాక్షరమాలయా, అప్పటికప్పుడు కూర్చిన స్ట్రింగ్ అనే వాక్యమా అన్నది డౌన్‌క్యాస్ట్ ద్వారానే తెలుసుకొంటారు. అక్కడ ముందుగా ఊహించి ప్రశ్నలు సిద్ధపరచుకొనే వీలు లేదు. దోషాలను తెలిపే ఎర్రర్ అనే ట్రెయిట్‌కు కూడా ఈ సౌకర్యం ఉన్నది. దోషమూలమేదో తెలిస్తేనే చికిత్స తెలుస్తుంది. ఈ ప్రశ్నలు వ్యవస్థ సరిహద్దులలో అడగదగినవి. నిత్యవ్యవహారంలో, ఒకే పనిని అనేకులు చేసేచోట, స్వరూపప్రశ్న వేయవలసి వచ్చిందంటే మన లక్షణంలో ఏదో లోటున్నదని గ్రహించాలి.

నిర్మాతలకు నేను విన్నవించేది ఇంతే. ట్రెయిట్‌ను రచించేటప్పుడు మూడు దోషాలతో సరిచూసుకోండి. అందరికీ లేనిదానిని అందరినీ అడుగకండి. కొందరికున్నదానిని పేరును బట్టి వెదకకండి; ఆ కొందరు తామే చెప్పుకొనే దారి ఏర్పరచండి. "లేదు" అన్న ఉత్తరం వచ్చినప్పుడల్లా అది వెలుతురులో వచ్చినదా, చీకటిలో వచ్చినదా అని విచారించండి. మరుపును కూడా సాధనంగా వాడుకొనే భాష ఇది. ఏమి మరువవచ్చునో, ఏది మరువరాదో అధ్యయనకాలంలోనే నిశ్చయించుకొన్నవాడికి ప్రయోగకాలంలో ప్రాయశ్చిత్తం అంతగా అవసరపడదు.

ఉపవాసం ఉన్నవారు బోర్డును చూసి ఇంటికి వెళ్ళి పారణ చేస్తారు. వారికి ట్రెయిట్ తెలియదు, ఎనీ తెలియదు, తెలియనక్కరలేదు. కనబడవలసినది కనబడితే చాలును.

స్వస్తి.